ఎస్తేరు పిన్ని ఏడ్చిన మ్యాచ్

మా చిన్నప్పుడు... శుక్రవారం సాయంత్రమైతే అమెరికాలో, సన్నీవేల్‌లోని మా అపార్ట్‌మెంట్‌లో సోఫా గోడకి జరిగిపోయేది. అమ్మ బాపట్ల నుంచి తెచ్చుకున్న జంపఖానా హాల్లో పరిచేది. ఏడింటికల్లా ప్రేయర్ మీటింగ్‌కి చర్చివాళ్ళు వచ్చేసేవారు... ఒక చేతిలో బైబిలు, ఇంకో చేతిలో పులావు గిన్నె.

ఆ శుక్రవారం మాత్రం జంపఖానా మీద అందరికంటే ముందు నేనే కూర్చున్నాను, టీవీకి ల్యాప్‌టాప్ తగిలించుకుని. నాకప్పుడు పదకొండేళ్ళు. ఆస్ట్రేలియాలో ఆడవాళ్ళకి కొత్తగా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ మొదలైన రోజులవి. మనకి తెలిసిన ఫుట్‌బాల్ కాదు... కోడిగుడ్డు ఆకారం బంతితో, కాళ్ళతోనూ చేతులతోనూ ఆడే వాళ్ళ సొంత ఆట. మా అమ్మ చెల్లెలు ఎస్తేరు పిన్ని మెల్‌బోర్న్‌లో నర్సు. అక్కడ అప్పుడు శనివారం మధ్యాహ్నం. నేను టీవీలో పెట్టిన ఆ లీగ్ మ్యాచ్‌ని చూడటానికి పిన్ని గ్రౌండ్‌కే వెళ్ళింది.

నాకు ఆ మ్యాచ్‌తో పెద్ద పనే ఉంది. మా దగ్గర పార్కులో కొందరు ఆస్ట్రేలియా వాళ్ళు పిల్లలకి ఆ ఆట నేర్పుతామన్నారు. ఆడపిల్లలూ రావచ్చట. మర్నాడు పొద్దునే మొదటి ప్రాక్టీసు. ఫారం మీద అమ్మ సంతకం కావాలి... ఆ ఫారమేమో రెండు వారాలుగా ఫ్రిజ్‌కి వేలాడుతోంది. "పళ్ళు రాలగొట్టుకుని వస్తే ఎవరు చూస్తారే?" అనేది అమ్మ, అడిగినప్పుడల్లా. ఆడవాళ్ళు ఆడుతుంటే ఒక్కసారి చూసిందంటే మెత్తబడుతుందని నా ఆశ.

ఎందుకంత పట్టుదల అంటే... స్కూల్లో మగపిల్లలు నాకు బంతి ఇచ్చేవారు కాదు. అంతకుమించి పెద్ద కారణమేమీ లేదు.

చర్చివాళ్ళు వచ్చి కూర్చునేసరికి మ్యాచ్ మొదలైంది. ఎవరికీ ముక్క అర్థం కాలేదు. గ్రౌండ్ చివర రెండు స్తంభాలుండాల్సిన చోట నాలుగున్నాయి. క్రికెట్ తప్ప ఇంకేమీ ఎరగని డేవిడ్ అంకుల్ కళ్ళజోడు సర్దుకుని మాకందరికీ ఎక్స్‌ప్లెయిన్ చేయడం మొదలుపెట్టారు. బంతి మధ్య స్తంభాల్లోంచి కాకుండా పక్క నుంచి పోయింది. స్కోరు ఒకటి పెరిగింది. "చూశారా, గోల్" అన్నారు అంకుల్. అందరం చప్పట్లు కొట్టాం. టీవీలో జనం మాత్రం తల పట్టుకున్నారు... గురి తప్పితే ఒక పాయింటు, మధ్యలోంచి పోతే ఆరు అని నాకు తెలిసింది తర్వాతెప్పుడో. మేం ఆ సాయంత్రమంతా తప్పిన వాటికి కూడా చప్పట్లు కొడుతూనే ఉన్నాం.

"తప్పినా మార్కులిస్తారా? ఇదేం ఆట తల్లీ" అంది రూతమ్మ ఆంటీ.

అంతలో ఎస్తేరు పిన్ని వీడియో కాల్ చేసింది. అమ్మ నవ్వుతూ ఫోనెత్తింది... నవ్వు అక్కడే ఆగిపోయింది. పిన్ని వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఏదో చెబుతోంది గానీ జనం గోలలో ఒక్క మాటా వినపడటం లేదు.

"ఏమైందే? ఎవరన్నా ఏమన్నా అన్నారా? ఒంట్లో బాలేదా?" అంది అమ్మ. పిన్ని తల అడ్డంగా ఊపింది, మళ్ళీ ఏడ్చింది.

మావాళ్ళకి ఇలాంటప్పుడు తెలిసిన పని ఒక్కటే. టీవీ సౌండ్ ఆపేశారు. ఫోన్‌ని స్టూలు మీద పులావు గిన్నెకి ఆనించి, అందరూ మోకరించి కళ్ళు మూసుకున్నారు. డేవిడ్ అంకుల్ ప్రార్థన ఎత్తుకున్నారు. "ప్రభువా, పరాయి దేశంలో ఒంటరిగా కన్నీరు కారుస్తున్న నీ బిడ్డను ఆదరించు తండ్రీ..."

నేను ఒక కన్ను తెరిచాను. ఫోన్‌లో పిన్ని ఏడుస్తూనే నవ్వుతోంది. పక్కన తెల్లజుట్టు ముసలావిడ ఒకరు పిన్ని చెయ్యి పట్టుకుని తనూ ఏడుస్తోంది, తనూ నవ్వుతోంది. ప్రార్థన మధ్యలో చెప్పొచ్చా, చెప్పకూడదా? మళ్ళీ కన్ను మూసుకున్నాను. అంకుల్ ఆ రోజు చాలా పొడుగు ప్రార్థన చేశారు.

ఆమేన్ అన్నాక పిన్ని గోల తక్కువున్న చోటికొచ్చి చెప్పింది. ఎంట్రీ ఫ్రీ అని తోటి నర్సు లాక్కొస్తే వెళ్ళిందట. రూల్స్ తనకీ తెలియవు. పక్కనున్న ముసలావిడ చిన్నప్పట్నుంచీ అదే టీం మ్యాచ్‌లకి వస్తోందట, కుర్రాళ్ళ జెర్సీలు కూడా ఉతికిందట. ఆ జెర్సీ వేసుకుని ఆడపిల్లలు గ్రౌండ్‌లోకి పరిగెత్తుకొచ్చేసరికి ఆవిడకి దుఃఖం ఆగలేదట. వెనక సీటాయన మాత్రం ఇదీ ఒక ఫుట్‌బాలేనా అని మొదట్నుంచీ సణుగుతూ, అందరికంటే గట్టిగా అరుస్తున్నాడట.

"ఆవిణ్ణి చూసి నాకూ ఏడుపొచ్చేసిందక్కా. ఎందుకో నాకే తెలీదు."

"గెలుస్తున్నారా మరి?" అని అడిగింది అమ్మ.

"లేదు, ఓడిపోతున్నారు."

ఇక అమ్మకి అసలేమీ అర్థం కాలేదు.

అందరూ వెళ్ళాక అమ్మ గిన్నెలు కడిగి, చేతులు తుడుచుకుని, ఫ్రిజ్ మీది ఫారం తీసింది. "రేపు పొద్దున ఎన్నింటికి?" అంది. నేను నోరు మెదిపితే మనసు మార్చుకుంటుందేమోనని భయమేసి తొమ్మిది వేళ్ళు చూపించాను.

ఎందుకు సంతకం పెట్టావమ్మా అని మొన్న అడిగాను. "ఏమోనే... మా చెల్లి సంతోషంతో ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. నువ్వు కూడా పెళ్ళయి, ఉద్యోగమొచ్చి, ఎక్కడో ఓ ముసలావిడ పక్కన కూర్చునేదాకా ఆగాలా అనిపించింది" అంది.

నేను గొప్పగా ఏమీ ఆడలేదు లెండి... నావన్నీ ఒక పాయింటు కిక్కులే. అమ్మ మాత్రం పార్కులో వాటికీ చప్పట్లు కొట్టేది.

పిన్ని ఇప్పుడూ ఒక్క మ్యాచ్ వదలదు. టికెట్టు కొనుక్కుని మరీ వెళుతుంది. ఫోన్ చేస్తే కోచ్‌ని తిడుతుంది, అంపైర్‌ని తిడుతుంది, తేలిక గోల్ వదిలేసిన పిల్లని మరీ తిడుతుంది. ఆ ముసలావిడ సీట్లో ఇప్పుడెవరో కాలేజీ పిల్ల కూర్చుంటోందట, సగం సేపు ఫోన్ చూసుకుంటూ... ఆడవాళ్ళు ఆడుతున్నారని గ్రౌండ్‌లో ఇప్పుడెవరూ ఏడవరట. అందుకు సంతోషపడాలో, దిగులుపడాలో నాకు ఇప్పటికీ తెలియదు.

మీ ఇంట్లోనూ ఎవరైనా ఎందుకో తెలియకుండా ఇలా ఏడ్చారా... చెప్పండి, వింటాను.