రాజుకు చెప్పాలా వద్దా

మా అక్క ఏమీ తెలియకుండా పోయిందని మావాళ్ళందరూ చెబుతారు. గొంతు కాస్త తగ్గించి, అదేదో ఆమె చేసుకున్న పుణ్యమైనట్టు చెబుతారు. "ఆఖరిదాంక గా కొరియా సీరియల్ సూసుకుంట నవ్వుకుంట ఉండె. పాపం, ఆమెకేం తెల్వది" అంటారు. ఈ మాట చెప్పేవాళ్ళలో ఒక్కరు కూడా ఆ గదిలో లేరు. నేనున్నాను. ఆ సీరియల్ పెట్టిందే నేను. అది చూసి ఎవరేమన్నారో, మా అక్క ఏమన్నదో, నాకు మాటకు మాట గుర్తుంది.

గది అంటే వనపర్తి పెద్దాసుపత్రిలో డయాలిసిస్ గది. అక్కది బల్మూర్ దగ్గర పల్లె. రెండు కిడ్నీలూ పనిచేయడం మానేశాక వారానికి మూడుసార్లు రక్తం శుభ్రం చేయించుకోవలసి వచ్చింది. ఆమెను వనపర్తిలో మా ఇంటికి తెచ్చుకున్నాను. బావ పల్లి చేను వదిలి రాలేక ఆదివారాలు వచ్చిపోయేవాడు. నేను ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో సివిక్స్ చెబుతాను. వారానికి మూడు మధ్యాహ్నాలు ఖాళీ చేయించుకోవడానికి ప్రిన్సిపాల్‌తో ఎంత గొడవపడ్డానో ఆయన్నడిగితే ఇప్పటికీ చెబుతాడు. గొడవపడడం నాకు చేతనైన పని. అప్పటికి దాన్ని మించిన పని అవసరం పడుతుందని అనుకోలేదు.

ఆ గదిలో నాలుగు మంచాలు, నాలుగు యంత్రాలు, ఒక్కో మంచం పక్కన ఒక స్టూలు. మంచం మీద రోగి, స్టూలు మీద వెంట వచ్చినవాళ్ళు. మా వేళలో అక్క కాక ఎప్పుడూ ఉండేవాళ్ళు ఇద్దరు. ఒకాయన గద్వాల అవతల, కర్ణాటక అంచున ఉన్న ఊరి ముసలి రైతు. వెంట కోడలు వచ్చేది. ఇంకొకతను వనపర్తిలోనే ఆటో నడుపుకునే ముప్పై ఏళ్ళవాడు. వెంట భార్య వచ్చేది. నాలుగో మంచం మీద మనుషులు మారుతుండేవాళ్ళు. ఎందుకు మారుతున్నారని మేమెవరమూ అడిగేవాళ్ళం కాదు.

చేతికి రెండు సూదులు పెట్టుకుని నాలుగు గంటలు కదలకుండా పడుకోవాలి. మొదట్లో ఎవరి ఫోన్ వాళ్ళు పెట్టుకునేవాళ్ళు. ఒకరిది భజన, ఒకరిది క్రికెట్, ఒకరిది కోడళ్ళ ఏడుపు. నాకు తిక్క రేగి, ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్న నా ట్యాబ్ తెచ్చి, సెలైన్ స్టాండుకు ప్లాస్టర్‌తో అంటించి గది మధ్యలో నిలబెట్టాను. ఏం చూడాలన్నదాని మీద రెండు రోజులు పంచాయితీ జరిగింది. చివరికి ఆటో అతని భార్య తెలుగులోకి మార్చిన కొరియా రాజుల సీరియల్ ఒకటి పెట్టించింది. అక్కడివాళ్ళ కులమూ పార్టీ ఎవరికీ తెలియవు కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

"గా టోపీ ఏందమ్మా, అన్నం గిన్నె మీద బోర్లిచ్చే జాలి లెక్కున్నది" అన్నాడు గద్వాల పెద్దాయన మొదటి రోజే.

"అవు గని, రాజు ముందట గంటలు గంటలు మోకాళ్ళ మీద కూసుంటరు. వీళ్ళకు పిక్కలు గుంజవా?" అని ఆటో అతను ఆశ్చర్యపోయాడు. డయాలిసిస్ మధ్యలో పిక్కలు పట్టేసి అతను రోజూ అరిచేవాడు.

అన్నింటికన్నా వాళ్ళను పరేషాన్ చేసింది చాయ్. ఆ దేశంలో మాటకు ముందు ఒక గిన్నె, మాట అయ్యాక ఒక గిన్నె తాగుతూనే ఉంటారు. ఇక్కడ మంచాల మీదివాళ్ళకు రోజంతటికీ ఒక చిన్న సీసా నీళ్ళు. అంతకుమించి తాగితే ఒంట్లోనే నిలిచిపోతాయి. వచ్చినప్పుడు తూకం వేసి, పెరిగిన బరువంతా యంత్రంతో లాగేవాళ్ళు. అందుకని వాళ్ళ కళ్ళు కథ మీద ఉండేవి కావు, గిన్నెల మీద ఉండేవి.

"అరే, మల్ల తాగవట్టె! గిది నాలుగోది!" అనేవాడు పెద్దాయన.

"గా మంత్రిని దెచ్చి గీ నాలుగో మంచం మీద పండవెట్టుండ్రి" అన్నది మా అక్క ఒకనాడు. "ఎంత లేదన్నా మూడు కిలోలు గుంజొచ్చు."

గదంతా నవ్వింది. నవ్వుకు చేతులు కదిలి రెండు యంత్రాలు ఒకేసారి కూత పెట్టాయి. యంత్రాలు చూసుకునే టెక్నీషియన్ పిల్ల పరుగున వచ్చి మమ్మల్నందరినీ తిట్టింది. మావాళ్ళు చెప్పే నవ్వు ఇదే. అబద్ధం కాదు. కానీ ఇది ముందటి సంగతి.

ఆ తర్వాత అక్కకు ఆయాసం మొదలైతే హైదరాబాద్‌లో గుండె డాక్టరుకు చూపించాను. పరీక్షలన్నీ అయ్యాక మా వైపు ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు చేసే పనే నేనూ చేశాను. అక్కను బయట బెంచీ మీద కూర్చోబెట్టి, చీటీ మరిచిపోయానని చెప్పి, మళ్ళీ లోపలికి పోయి తలుపు దగ్గరికి వేశాను. డాక్టర్లకూ ఇది అలవాటే. ఆయన ఫైలు మూసి నాకోసమే కాచుకుని ఉన్నాడు. గుండె చాలా బలహీనంగా ఉందనీ, డయాలిసిస్‌ను ఎక్కువ రోజులు తట్టుకోలేదనీ చెప్పాడు. రెండు నెలలు, మహా అయితే మూడు.

"ఆమెకు చెప్పాలా?"

"వద్దు సార్."

"అడిగితే?"

"అడగదు సార్."

బయటికి రాగానే అక్క అడిగింది. "ఏమన్నడే?"

"ఉప్పు తగ్గించమన్నడు."

"ఇంకేం తగ్గియ్యాలె? ఉప్పు పేరు సదువుకుంట తినాల్నా?"

బావకు ఫోన్ చేసి డాక్టరు మాట చెప్పాను. ఆయన విని, "నువ్వు సదువుకున్నదానివి. నువ్వెట్లంటే అట్ల" అన్నాడు. చదువు ఇలాంటి చోట ఎందుకు పనికొస్తుందో నాకు అర్థం కాలేదు. కానీ అప్పటికే వద్దని చెప్పేశాను కాబట్టి వద్దు మీదనే నిలబడ్డాను.

వారం తిరగకముందే ఆ ఎపిసోడ్ వచ్చింది. అందులో రాజుకు జబ్బు చేస్తుంది. వైద్యుడు నాడి చూసి, గది బయటికి వచ్చి, రాజు వచ్చే చలికాలం చూడడని రాణికి చెబుతాడు. ఎవరూ నోరు విప్పడానికి వీల్లేదని రాణి ఆజ్ఞ వేస్తుంది. ఇక వంటవాళ్ళ నుంచి మంత్రుల దాకా కోటంతా నవ్వు ముఖాలతో తిరుగుతుంది. చివర్లో రాజు వైద్యుణ్ణి పిలిచి, "వచ్చే ఏడు వేటకు పోగలనా?" అని అడుగుతాడు. వైద్యుడు నేలకు తల ఆనించి, "పోగలరు ప్రభూ" అంటాడు. అక్కడ ఆపేశారు.

నేను ట్యాబ్ వైపే చూస్తూ కూర్చున్నాను. అక్క వైపు చూడలేదు.

"గిదేం మోసం!" అన్నాడు ఆటో అతను. "రాజుకు జెప్పాలె గదా!"

"చెప్తే గుండె పగిలి పోతడు. రాణి జేసిందే కరెక్టు" అన్నది అతని భార్య.

"నీకేమెరుక? సచ్చేది ఆయన. ఆయన సావు ఊరందరికి తెలుస్తది, ఆయనకొక్కనికి తెల్వొద్దా?"

"బ్యాడ, దాచుడు బ్యాడ" అన్నాడు గద్వాల పెద్దాయన. వద్దనడానికి ఆయన నోట ఎప్పుడూ ఆ కన్నడ మాటే వచ్చేది. "రాజ్యం ఎవలకియ్యాల్నో సూసుకోడా? నాకైతే జెప్పుండ్రి. మా తమ్మునితోని గట్టు కాడ పదేండ్ల సంది మాటల్లేవు. గా పంచాది తెంపుకోని వోత."

"మామా, జర ఊకో. బీపీ వెరుగుతది" అన్నది కోడలు. "తెలిస్తే బువ్వ గూడ తినవు నువ్వు."

"నాకు జెప్తేనా," అన్నాడు ఆటో అతను కప్పు వైపు చూస్తూ, "సోమశిల వోయి, కడుపు నిండ చాపల పులుసు దిని, కిష్ణల మునిగి, రెండు చెంబుల నీళ్ళు గడగడ తాగుత. ఎవడు తూకం ఏస్తడో సూస్త."

నేను నోరు మూసుకుని ఉండవలసింది. వాదన కనబడితే ఆగే మనిషిని కాదు.

"చెప్పినోళ్ళకేమైతది? బరువు దించుకుంటరు, గంతే" అన్నాను. "దించిన బరువు ఎవరి నెత్తి మీద వడ్తది? రోగమున్నాయన నెత్తి మీదనే. మందు లేనప్పుడు మాట చెప్పి ఏం జేస్తరు? అది ధైర్యం కాదు, స్వార్థం. ఆ రాణి గంత మందిని నవ్వించుకుంట తిరుగుతున్నది సూడుండ్రి, ధైర్యమంటె గది."

ఇంకా చాలా చెప్పాను. క్లాసులో చెప్పినట్టే వేళ్ళు మడిచి చెప్పాను. చివరికి ఆటో అతను "మేడంతోని ఎవరు గెలుస్తరు తియ్యుండ్రి" అని ముఖం అటు తిప్పుకున్నాడు. గెలిచానని అనుకున్నాను. అప్పుడు కనబడింది నాకు. మంచాల మీదివాళ్ళు చెప్పాలంటున్నారు. స్టూళ్ళ మీదివాళ్ళం వద్దంటున్నాం. ఒక్కరు కూడా అటుది ఇటు కాలేదు.

సూదుల దగ్గర పట్టీ సరిచేస్తున్న టెక్నీషియన్ పిల్ల ఊరికే అడిగింది. "పెద్దమ్మా, నువ్వేమంటలేవు?"

అక్క ట్యాబ్ వైపు చూస్తూనే ఉంది. అందులో ఆగిపోయిన రాణి ముఖం ఉంది.

"చెప్పొద్దు తియ్యి" అన్నది. "పాపం, గా రాణి ఎంత కష్టపడి దాస్తున్నది. గామె కష్టం గూడ సూడాలె గదా."

మంచం మీద నుంచి మా వైపు మాట్లాడింది ఆమె ఒక్కతే. ఆటో అతని భార్య చప్పట్లు కొట్టింది. నేను కొట్టలేదు.

తర్వాతి ఎపిసోడ్‌ను ఇంట్లో తలుపు వేసుకుని ముందుగానే చూశాను. రాజుకు సంగతి తెలిసిపోతుంది. "ఇన్నాళ్ళూ నన్ను బొమ్మను చేసి ఆడించావు" అని రాణిని గది బయటికి గెంటి తలుపు వేసుకుంటాడు. అక్కడికి కట్టేశాను. మరునాడు ఆసుపత్రిలో నెట్ రావడం లేదని చెప్పి, పాత హాస్య సినిమా ఒకటి పెట్టాను. ఆటో అతని భార్య తన ఫోన్ తీసి చూపించింది, అందులో నెట్ బ్రహ్మాండంగా వస్తోంది. నా ట్యాబ్‌లోనే ఏదో చెడిందన్నాను. ఆ తర్వాతి రెండుసార్లు కూడా అదే మాట చెప్పాను.

"గీ నెట్ గూడ రాణి పార్టీల జేరినట్టున్నది" అన్నది అక్క, కళ్ళు మూసుకునే.

నేను సినిమా సౌండు పెంచాను.

చెప్పాలనే అనుకున్నాను. ఎన్నోసార్లు అనుకున్నాను. ఒక పొద్దున జొన్న రొట్టె కాలుస్తుంటే ఆమె గడపకు ఆనుకుని కూర్చుంది. "అక్కా, నీకొక మాట..." అన్నాను.

"ముందుగాల రొట్టె తిరగెయ్యి, మాడుతున్నది."

తిరగేశాను. రొట్టె మాడలేదు, ఇంకా పచ్చిగానే ఉంది. నేను ఇటు తిరిగేసరికి ఆమె వేరే మాటలో పడింది.

"మీ బావ చలికాలపు అంగీలు ఇనుప పెట్టె అడుగుల ఉన్నయి. ఆయనకు తెల్వది, అటక మీద దేవులాడుతడు. నువ్వు జెప్పు."

"ఆదివారం వస్తడు గదా, నువ్వే చెప్పరాదు?"

"నువ్వు జెప్పు" అన్నది మళ్ళీ, మెల్లగా.

పెనం మీద రొట్టె మాడు వాసన వచ్చేదాకా అలాగే నిలబడ్డాను. ఇద్దరి మధ్యా మూడడుగుల దూరం. చెబితే, తెలిసీ తెలియనట్టు ఆమె నాకోసం దాచుకున్నది పాడవుతుంది. చెప్పకపోతే నేను ఆమె కోసం దాచినది కుళ్ళిపోతుంది. పౌరుల హక్కుల గురించి ఇరవై ఏళ్ళు పాఠం చెప్పినదాన్ని, మా అక్కకు హక్కైన ఒక్క వాక్యం నోట్లో పెట్టుకుని రొట్టెలు కాల్చాను.

రాజుకు జబ్బు చేసిన ఆ ఎపిసోడ్ చూశాక తొమ్మిదో వారంలో, మంచం మీద ఉండగానే అక్కకు బీపీ పడిపోయింది. టెక్నీషియన్ పిల్ల చేయగలిగినదంతా చేసింది. డాక్టరూ వచ్చాడు. నన్ను బయటికి పొమ్మన్నారు. స్టూలు మాత్రం అక్కడే ఉంది.

పదో రోజున చుట్టాలందరూ కూర్చుని, ఏమీ తెలియకుండా పోయింది, అదే నయమని అనుకుంటుంటే నేను ఉండబట్టలేక అన్నాను, "ఆమెకు తెల్సు" అని. అందరూ నన్నే చూశారు. బావ కూడా తలెత్తాడు.

"తెలిస్తే అడగకపోవునా?" అన్నాడు. "నిన్ను అడగకపోవునా?"

అడిగింది బావా, బెంచీ మీద అడిగింది, నేను ఉప్పు గురించి చెప్పాను. ఈ మాట నోటిదాకా వచ్చింది. ఆయన ముఖం చూసి మింగేశాను. ఆయన దగ్గర కూడా నేను స్టూలు మీది మనిషినే అయ్యాను.

ఆటో అతను ఇంకా డయాలిసిస్‌కు పోతూనే ఉన్నాడు. మొన్న బస్టాండు దగ్గర కనబడి, "మేడం, గా సీరియల్ అయిపోయింది. రాజు ఏం జేసిండో తెల్సా?" అని మొదలుపెట్టాడు. చెప్పొద్దన్నాను. రాజు ఏం చేసుకుంటే నాకేం? ఆ రోజు పెద్దాయన తన గట్టు సంగతి చెప్పుకున్నాడు, ఇతను సోమశిల చెప్పుకున్నాడు. అక్క రాణి కష్టం గురించి మాట్లాడి ఊరుకుంది. నా వైపు మాట్లాడిందని నేను ఊపిరి పీల్చుకున్నాను తప్ప ఇంకో మాట అడగలేదు.

అక్కా, నేను ఆ బెంచీ దగ్గరే చెప్పి ఉంటే, మిగిలిన ఆ కొద్ది వారాలూ నువ్వేం చేసుకునేదానివి?