జూమ్‌లో కలిసిన చెయ్యి

మా బావ మీద మొదటి దెబ్బ వేసింది ఆయన జోడీనే. బొగ్గుబావి కింద వాళ్లిద్దరూ ఏళ్ల తరబడి కలిసి పనిచేశారు. ఒకరు పని చేస్తుంటే ఇంకొకరు పైకప్పు కూలుతుందేమోనని కన్నేసి ఉంచాలి. అట్లా ఒకరి ప్రాణం ఒకరి చేతిలో పెట్టి దిగినవాళ్లు. ఆ జోడీ బెల్టు బకిల్ తగిలి బావ కనుబొమ చీలింది. తర్వాత నలుగురు కలిసి బండ్ల స్టాండు దగ్గర కింద పడేసి తన్నారు. నేను దవాఖానకు పోయేసరికి అక్క నెత్తురు చొక్కా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఇంతకీ కారణం ఒక ఫొటో. యూనియన్ ఎన్నికల ముందు రోజూ గేట్ మీటింగులే. ఆ ఫొటోలో బావ చాయ్ బండి దగ్గర నవ్వుతున్నాడు, అవతలి యూనియన్ నాయకుడి చెయ్యి ఆయన భుజం మీద ఉంది. అది అందరి ఫోన్లలో తిరిగింది. “అమ్ముడువోయిండు” అన్నారు. తను ఆ నాయకుడితో మాట్లాడనేలేదని బావ ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు. ద్రోహి అన్న పేరు పడ్డవాడి పక్కన బావిలో ఎవరూ నిలబడరు. బావకు దెబ్బల కన్నా అదే భయం.

గోదావరిఖనిలో నాకు ఫొటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు తీస్తాను. కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ ఫొటో చూడగానే ఒళ్లు మండిపోయింది. ముందున్న చాయ్ బండి, రోడ్డవతలి ఫ్లెక్సీ ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి! ఎవడో చాలా దూరం నుంచి పెద్ద జూమ్ లెన్సుతో తీశాడు. అంత దూరం నుంచి తీస్తే ముందువాళ్లూ వెనకవాళ్లూ దాదాపు ఒకే సైజులో వస్తారు, మధ్యలో ఖాళీ ఉన్నట్టే తెలియదు. నిజానికి అది లెన్సు చేసే మాయ కాదు, దూరం చేసేది. దగ్గరికి పోయి తీస్తే ఆ ఖాళీ మళ్లీ కనబడుతుంది. రోడ్డవతల అరుగెక్కి నాయకుడు చెయ్యెత్తి మాట్లాడుతుంటే, ఫొటోలో ఆ చెయ్యి వచ్చి బావ భుజం మీద పడింది.

మరునాడు షిఫ్టు దిగే వేళకు నా పెద్ద లెన్సు తీసుకుని గేటు దగ్గరికి పోయాను. జోడీ కనబడగానే కాలర్ పట్టుకున్నాను. ఆ లెన్సుతోనే వాడి నెత్తి పగలగొట్టేదాన్ని, కానీ దాంతో వేరే పని ఉంది.

“ఏంది చెల్లె, గల్ల ఇడువు.”

“ఇడువ! మా బావ నిలబడ్డకాడ నువ్వు నిలబడు.”

బావను తన్నినవాళ్లలో ఒకణ్ని రోడ్డవతల అరుగు మీదికి తరిమి చెయ్యెత్తమన్నాను. మిగతావాళ్లను వెంటబెట్టుకుని దూరంగా ఉన్న నీళ్ల ట్యాంకు మెట్లెక్కాను. జూమ్ చివరిదాకా తిప్పాను. అంత జూమ్‌లో చెయ్యి కాస్త వణికినా బొమ్మ చెదిరిపోతుంది, నాకేమో కోపంతో ఒళ్లంతా వణుకుతోంది. మొదటిది మొత్తం మసక.

“ఫొటో తీసుడు రాదుగని కొట్లాటకొచ్చింది,” అన్నాడొకడు.

“నోర్ముయ్! నీ సంగతి గూడ జూస్త.”

లెన్సును పిట్టగోడ మీద ఆనించి, కొంచెం పక్కకు జరిగి, ఊపిరి బిగబట్టి నొక్కాను. ఈసారి రోడ్డే లేదు. అవతలివాడి చెయ్యి జోడీ భుజం మీద నిండుగా ఉంది.

కిందికి దిగి జోడీకి చూపించాను. “గిప్పుడు చెప్పన్నా, నువ్వెప్పుడు అమ్ముడువోయినవ్?”

వాడు నేల మీద కూలబడి నెత్తి కొట్టుకున్నాడు. మిగతావాళ్లు తలలు వంచుకున్నారు. నా కసి తీరలేదు. జోడీని లేపి దవాఖానకు ఈడ్చుకుపోయాను.

“తప్పయిందన్నా. ఫొటో మోసం జేసింది. నన్ను కొట్టు,” అని వాడు బావ కాళ్లు పట్టుకున్నాడు. అక్క చెప్పు తీసింది. బావ ఆమె చెయ్యి పట్టి ఆపాడు. ఒక కంటికి కట్టు ఉంది, ఇంకో కన్నుతో వాణ్ని చూశాడు.

“ఫొటో తీసినోడు దూరమున్నడు. నువ్వు నా పక్కపొంటే ఉంటివి గదరా. ఒక్క మాట నన్ను అడగకపోతివా?”

బావ గోడవైపు తిరిగి పడుకుని నాతో అన్నాడు.

“పిల్లా, ఆఫీసుల చెప్పిరాపో. ఇంకో జోడీని ఇయ్యమను. ఈనితోని నేను కిందికి దిగ.”