గోడ అడుగున జాలీ

రిటైరవడానికి మూడేళ్ళ ముందు, ఒక ఎండాకాలంలో, నన్ను బళ్ళారి ఆఫీసు నుంచి తోరణగల్లు తనిఖీలకు వేశారు. అప్పటికి నేను ఒక వంటగ్యాసు ఏజెన్సీలో సీనియర్ మెకానిక్‌ని. కొన్నేళ్ళకొకసారి ప్రతి ఇంటికీ వెళ్ళి కనెక్షను చూడాలన్నది నియమం. రెగ్యులేటరు, రబ్బరు గొట్టం, పొయ్యి ఎత్తు, గాలి వచ్చే దారి చూసి, ఫారం నింపి, సంతకం తీసుకోవాలి. చేతిలో ఫారం ఉంటే నేనూ ఒక ఆఫీసరునే అనుకునేవాణ్ణి.

అక్కడి ఉక్కు కర్మాగారంలో పనిచేసేవాళ్ళ కోసం సూర్యనారాయణగారనే ఆయన ఆరు పోర్షన్లు కట్టి అద్దెకిచ్చారు. వాళ్ళ తాతలు గోదావరి జిల్లా నుంచి వచ్చి కాలవ కింద వరి వేసుకున్నవాళ్ళు. మూడో పోర్షనులో కరుణమ్మ కుటుంబం ఉండేది. నేను వెళ్ళేసరికే ఆమె భర్త కంపెనీ బస్సెక్కి డ్యూటీకి వెళ్ళాడు. నడవలేని అత్తగారు వంటింటి గుమ్మం పక్కనే చాప మీద పడుకుని ఉంది.

నేను నిలబడి చూశాను. వాసన లేదు. ఫారం మీద 'సరి' అని రాయబోతుంటే చాప మీది ముసలమ్మ అంది: "పొద్దున పొద్దున్నే నాకు గ్యాసు వాసన వస్తాండాది నాయనా. ఎవురికి చెప్పినా నమ్మరు."

"యాడ వాసన అత్తా? నాకేం రాలేదే" అంది కరుణమ్మ.

వంటగ్యాసు గాలికన్నా బరువు. కారితే నేల మీద పరుచుకుంటుంది. ఈ పాఠం కొత్త మెకానిక్‌లకు చెప్పేది నేనే. సిగ్గుపడి మోకాళ్ళ మీద కూర్చుంటే వాసన గుప్పున తగిలింది. స్విచ్చులు ముట్టుకోవద్దని చెప్పి, రెగ్యులేటరు మూశాను. నేనూ కరుణమ్మా కలిసి ముసలమ్మను చాపతో సహా బయటికి మోశాం. సిలిండరునూ బయటికి తెచ్చి రెగ్యులేటరు తగిలించి సబ్బు నురుగు పూస్తే, మూతిలోని వాషరు దగ్గర బుడగలు లేచాయి. వాషరు మార్చడం రెండు నిమిషాల పని.

అసలు తంటా గోడతో వచ్చింది. కారిన గ్యాసు బయటికి పోవడానికి వంటింటి గోడ అడుగున జాలీ ఉండాలి. అక్కడ సిమెంటు పూసి ఉంది. అది తెరిచేదాకా సరఫరా ఆపాలని రాయక తప్పదు. కరుణమ్మ ముఖం పాలిపోయింది.

"మూయమనింది మేమే సార్. ఫ్యాక్టరీ ఎర్రదుమ్ము వచ్చి గిన్నెలన్నీ ఎర్రగా అయితాండాయని. ఇప్పుడు ఓనరు కోపం జేసుకోని ఖాళీ చేయమంటే, ఈ ముసలామెను ఎత్తుకోని యాడికి పోవాల?"

కబురు చేస్తే సూర్యనారాయణగారు వచ్చారు. "సిలిండరు వాళ్ళది, పొయ్యి వాళ్ళది. వాళ్ళడిగితేనే మూయించాను. మధ్యలో నాకేమిటండీ?" అన్నారు. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. పొయ్యి, గొట్టం కనెక్షను ఉన్నవాళ్ళు చూసుకోవాలి గానీ, గోడ, గాలి దారి ఇంటి యజమాని పూచీ అనీ, అద్దెకున్నవాళ్ళు అడిగారన్నంత మాత్రాన ఆ పూచీ తీరదనీ చెప్పాను. ఆయనకు ఎక్కలేదు. చివరికి ముసలమ్మ చాప ఉన్నచోట ఆయన్ని కూర్చోబెట్టాను. తలుపులు తీసి అరగంటైనా కింద వాసన పోలేదు. ఆయన లేచి, రోడ్డు మీదికెళ్ళి మేస్త్రీకి ఫోను చేశారు.

సాయంత్రానికి ఆరు పోర్షన్లలోనూ జాలీలు తెరిచి, దుమ్ము ఆగేలా వల బిగించారు. దాన్ని నెలనెలా దులపమన్నాను. ఖాళీ చేయించే మాటే రాలేదు. "ఇప్పుడన్నా నమ్మినారా?" అని ముసలమ్మ అందర్నీ ఆటపట్టించింది. ఆ రోజు నాకు చాలా తృప్తిగా అనిపించింది.

సంతకం పెడుతూ సూర్యనారాయణగారు అడిగారు: "బళ్ళారిలో మీ మేడ మీద పోర్షను అద్దెకిచ్చారట కదండీ. అక్కడెప్పుడైనా ఇలా కూర్చుని చూశారా?"

ఊరందరికీ శ్రీరంగనీతులు చెప్పే నేను చూడలేదు. ఇంటికెళ్ళి చూస్తే, అద్దెకున్నవాళ్ళ సౌకర్యం కోసం నేనే చేయించిన చెక్క అలమర జాలీకి అడ్డంగా ఉంది. మర్నాడే పక్కకు జరిపించాను. ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళు ఏడాదికొకసారైనా ఆ వంటింట్లో నేల మీద కూర్చుని చూడాలని అప్పుడు తెలుసుకున్నాను. మా మేడ మీద పోర్షను తనిఖీ ఫారం అంతకు రెండేళ్ళ ముందు నింపింది నేనే, నిలబడి. ఆ తరువాత ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఏ ఫారమూ నిలబడి నింపలేదు.