గులాబీ కొవ్వొత్తి, లాలాగూడ క్రిమి

మొన్న మా పై ఫ్లాటువాళ్ల పాప పుట్టినరోజుకు వెళ్లాను. పాప బుగ్గలు పూరించి కొవ్వొత్తులు ఊదింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆరిన వత్తుల నుంచి సన్నగా పొగ లేచి, కాలిన మైనం వాసన నా ముక్కుకు తగిలింది. ఆ వాసన వస్తే మామూలు మనుషులకు కేకు గుర్తొస్తుంది. నాకు మాత్రం కడుపులో పుండ్లు, లాలాగూడ, మా విశాలాక్షి మేడం వరసగా గుర్తొచ్చి, చేతిలో పెట్టిన ముక్కను చూస్తూ నవ్వుకుంటూ కూర్చున్నాను. పాప వాళ్ల నాన్న వచ్చి, "కేకు బాలేదా అన్నా?" అని అడిగాడు. బాగుందని చెప్పి తినేశాను. పుట్టినరోజు నాడు బ్యాక్టీరియా గురించి మాట్లాడేంత మర్యాద లేనివాణ్ని కాను. ఆ కథ ఇక్కడ చెబుతాను.

విశాలాక్షి మేడం తార్నాక పక్కనున్న యూనివర్సిటీ క్యాంపస్‌లో మైక్రోబయాలజీ ప్రొఫెసర్. సొంతూరు కాకినాడ. పెళ్లయి హైదరాబాద్ వచ్చి, హబ్సిగూడలో ఇల్లు కొనుక్కుని, ఏళ్ల తరబడి ఈ ఊరి నీళ్లు తాగినా ఆవిడ మాటలో కాకినాడ ఒక్క అక్షరం కూడా అరగలేదు. హెల్మెట్‌కు అడ్డు రాకుండా మెడ మీదికి జారుముడి వేసుకుని స్కూటీ మీద వచ్చేవారు. నేను జనగామ దగ్గర పత్తి పండించే ఇంటినుంచి వచ్చినవాణ్ని. పేరు యాదగిరి. ఆవిడ దగ్గర పీహెచ్‌డీలో చేరడానికి మొదటిసారి వెళ్లినప్పుడు, "రీసెర్చి ఎందుకు చేద్దామనుకుంటున్నావయ్యా?" అని అడిగారు. నేను బట్టీపట్టి తెచ్చుకున్న వాక్యాన్ని గుండెల మీద చెయ్యి పెట్టుకున్నంత పని చేసి అప్పజెప్పాను: "కేన్సర్ లేని సమాజం కోసం మేడం."

ఆవిడ కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు. "సమాజం సంగతి సాయంత్రం చూద్దాం. ఆ సింకులో టెస్ట్ ట్యూబులున్నాయి, ముందవి కడిగిపెట్టు."

ఎవడైనా గంభీరంగా మాట్లాడితే వాడి గాలి తీయడం అప్పటికే నా వృత్తి. నా గాలి తీసే మనిషి దొరకడం అదే మొదలు. ట్యూబులు కడగడం పూర్తికాకముందే ఆవిడ దగ్గరే చేరాలని నిర్ణయించుకున్నాను.

మేం పనిచేసింది కడుపులో కాపురముండే ఒక వంకర బ్యాక్టీరియా మీద. చాలామంది కడుపుల్లో అది అద్దె కట్టకుండా ఉంటుంది. చాలామందికి జన్మలో దాని సంగతే తెలియదు. కొందరికి పుండ్లు పుట్టిస్తుంది. ఎక్కడో కొద్దిమందిలో మాత్రం ఏళ్ల తరబడి కడుపు గోడను గిల్లుతూ గిల్లుతూ కేన్సర్ దాకా తీసుకుపోతుంది. నాకిది భయపెట్టే సంగతి. మేడంకు ఇది ఆశ కలిగించే సంగతి. "కేన్సర్ని పట్టుకోడం కష్టం నాయనా. క్రిమినైతే పట్టుకోవచ్చు. తలుపు తీసేవాణ్ని ముందే పట్టుకుంటే, లోపలికొచ్చేవాడు బయటే ఉంటాడు కదా," అనేవారు.

ఆ ల్యాబులో ఒక ఆచారం ఉండేది. క్రిమిని పెంచే ప్లేటు చూసి ఎవరూ తీర్పు చెప్పకూడదు. "పెరిగింది మేడం" అని పరిగెత్తుకెళితే, "పెరిగిందో లేదో తర్వాత తేలుద్దాం, నీకేం కనిపించిందో చెప్పు" అనేవారు. "చిన్న చిన్న మంచుబొట్లలాంటివి కనిపించాయి మేడం" అంటే, "ఆఁ, అలా చెప్పు" అని లేచి వచ్చేవారు. ఈ అలవాటు ఎంత ముదిరిందంటే, హబ్సిగూడ టిఫిన్ సెంటర్లో ఇడ్లీ ఎట్లున్నదని స్నేహితుడు అడిగితే, "తెల్లగ, గుండ్రంగ కనిపించింది" అని చెప్పి తిట్లు తిన్నాను.

రాజయ్య మా ల్యాబులోకి మొదట ఒక చిన్న సీసాలో వచ్చాడు. ఆస్పత్రి డాక్టరు ఆయన కడుపు లోపలినుంచి గిల్లి తీసిన ఆవగింజంత ముక్క అది. మర్నాడు మనిషే స్వయంగా వచ్చాడు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. తండ్రి, అన్న ఇద్దరూ కడుపు కేన్సర్‌తో పోయారు. ఈయన కడుపులోనూ మా క్రిమి ఉంది. మందులు మార్చి మింగినా చావలేదు. అది ఏ మందుకు చస్తుందో తెలియాలంటే, బయట పెంచి, ఒక్కో మందూ దాని మీద వేసి చూడాలి. ఆ ముక్క కోసం ఆయన నోట్లోంచి గొట్టం దింపారు. ఆ గొట్టం గురించి చెప్పడానికే వచ్చాడు.

"అమ్మా, గిదే ఆఖరు. ఇంకోపారి గొట్టం అంటే నాతోని గాదు. సస్తే సస్త గని గొట్టం మింగ."

"మింగక్కర్లేదండి రాజయ్య గారూ. మీ క్రిమిని నేను బతికించుకుంటాను," అన్నారు మేడం.

రాజయ్య అయోమయంగా నావైపు తిరిగాడు. "ఏంది బిడ్డా, సంపుమని ఇస్తే బతికిస్త అంటున్నది మీ మేడం?"

"దావత్‌కు యాటను మేపినట్టు పెద్దయ్యా. మంచిగ మేపి కోస్తం."

ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. ఆ కడుపుకు నవ్వు వచ్చి చాలా రోజులైందని ముఖం చూస్తే తెలిసింది.

ఆ వారంలోనే ప్రత్యేక రాష్ట్రం కోసం పెద్ద బంద్ మొదలైంది. అప్పట్లో మా క్యాంపస్‌లో క్లాసు జరిగితే అది వార్త. రోడ్ల మీద వంటలు, గోడల మీద నినాదాలు, గాలి ఎటు తిరిగితే అటు కళ్ల మంట. నేనూ ఊరేగింపుల్లో నడిచినవాణ్నే, గొంతు పోయేదాకా అరిచినవాణ్నే. ఉద్యమంలో నేను జోకు వెయ్యని సంగతి లేదు, ఒక్కటి తప్ప: పోయిన పిల్లల కోసం కొవ్వొత్తులు పట్టుకుని మాటల్లేకుండా నడిచిన ఆ సాయంత్రాలు.

ఇక్కడ ప్లేటు మీద రాజయ్య క్రిమి అప్పుడప్పుడే కనిపిస్తోంది. మందుల పరీక్షకు కాదు కదా, ఫ్రీజర్లో దాచడానికి కూడా చాలనంత. మనం పీల్చే గాలి దానికి విషం; ఆక్సిజన్ తగ్గించిన జాడీలో పెట్టాలి. అందుకు వాడే గ్యాస్ ప్యాకెట్లు తెచ్చే లారీ ఎక్కడో రోడ్డు మీద ఆగిపోయింది. మా దగ్గరున్నవి అయిపోయాయి. కొత్త ప్లేటు మీదికి మార్చి, తక్కువ గాలిలో పెట్టకపోతే క్రిమి పోతుంది. క్రిమి పోతే మళ్లీ గొట్టం. గొట్టం అంటే రాజయ్య రాడు.

"పాత పద్ధతుందిగా," అన్నారు మేడం, కరెంటు పోతే విసనకర్ర వెతుక్కున్నంత మామూలుగా. జాడీలో ప్లేట్లతోపాటు కొవ్వొత్తి వెలిగించి మూత బిగిస్తే, అది ఆరిపోయేలోపు కొంత ఆక్సిజన్ తినేస్తుంది. "కానీ తెల్ల కొవ్వొత్తే తీసుకురా. రంగులవి కాలితే ఆ పొగ దీనికి పడదు."

తార్నాక మొత్తం తిరిగాను. సగం షట్టరు ఎత్తి కూర్చున్న ఒక్క కిరాణా కొట్టాయన, "కొవ్వొత్తులా? అన్నీ మీ క్యాంపసోల్లే కొనుక్కపోయిండ్రు గద అన్నా," అన్నాడు. దాంతో విద్యార్థుల దీక్షా శిబిరానికి వెళ్లాను. అక్కడ నా హాస్టల్ రూమ్మేట్ నరేష్ ఉన్నాడు. గొప్ప వక్త. మెస్‌లో ఉప్పు తక్కువైందని చెప్పడానికి కూడా "మిత్రులారా" అని మొదలుపెట్టేవాడు.

"ఒక కొవ్వొత్తి గావాల్రా."

"ఎందుకు?"

"క్రిమికి. లాలాగూడ పెద్దయ్య కడుపులది."

నరేష్ ఆలోచించాడు. "లోకలేనా?"

"పక్కా ముల్కీ."

"అయితే మనోడే. తీస్కపో!" అని ఒక కట్ట చేతిలో పెట్టాడు. అన్నీ గులాబీ రంగువే. కొట్లలో కొన్నవి కాలిపోయాక, ఉద్యమం రంగని ఆర్డరిచ్చి చేయించుకున్నారు. తెల్లవి అడిగితే, "మనకు తెల్లయి ఎందుకురా?" అన్నాడు.

మేడం వాటిని చూసి, "గులాబీ రంగు వద్దయ్యా," అన్నారు. అంతే అన్నారు. ఆ మాట ల్యాబు నుంచి శిబిరానికి చేరేలోపు మా క్రిమికంటే వేగంగా పెరిగింది. కాసేపటికే కారిడార్‌లో నినాదాలు. "గులాబీ వద్దన్నదట ఆంధ్ర మేడం! ల్యాబుకు తాళం ఎయ్యాలె!" ముందు నరేష్, వెనక ఒక గుంపు, ఒకడి చేతిలో నిజంగానే తాళం.

నేను గుమ్మంలో నిలబడ్డాను. "నరేషూ, బూట్లు ఇప్పి రా. గిప్పుడే ఫ్లోర్ కడిగిన."

నినాదం ఇస్తూ బూటు లేసు విప్పడం ఎవరికైనా కష్టమే. సగం ఆవేశం గుమ్మం బయటే ఉండిపోయింది.

మేడం స్టూలు మీంచి లేచారు. "రండి బాబూ. గులాబీ పడదని అన్నది నేనే. కానీ చూసి అనలేదు, మా గురువుగారు చెబితే అన్నాను. ఆయన కాలంలో కలిపిన రంగేవిటో, మీ కొవ్వొత్తిలో కలిపిందేవిటో, నాకు తెలీదు."

క్షమాపణకు, ఎదురు వాదనకు, పోలీసుకు ఫోన్ చెయ్యడానికి, అన్నిటికీ మావాళ్ల దగ్గర నినాదాలున్నాయి. ఒక ప్రొఫెసర్ "నాకు తెలీదు" అంటే దానికి మాత్రం ఎవరూ రాసిపెట్టుకోలేదు.

నేను తార్నాక తిరుగుతుండగా ఆవిడ ఇంటికెళ్లి, కరెంటు పోతే వెలిగించుకునే తెల్ల కొవ్వొత్తి ముక్క ఒకటి వెతికి బ్యాగులో వేసుకొచ్చారు. దాన్ని తీసి బల్ల మీద పెట్టారు. "రెండు జాడీలు పెడదాం. ఒకదాన్లో నాది, ఒకదాన్లో మీది. రాజయ్య గారి క్రిమిని చెరిసగం పంచుదాం."

నేను ఆగలేకపోయాను. "విభజనన్నట్టు మేడం."

"తేమ కోసం పెట్టే తడికాగితం రెండిట్లోనూ సమానంగా పెట్టు," అన్నారావిడ, ముఖంలో ఒక్క గీత కదలకుండా. "గొడవలన్నీ నీళ్ల దగ్గరే వస్తాయి."

ముందు తాళం పట్టుకున్నవాడు నవ్వాడు. తర్వాత నరేష్. తర్వాత అందరూ. గులాబీ కొవ్వొత్తిని నరేషే వెలిగించాడు, మూత పెట్టాడు. తెల్లదాన్ని మేడం.

క్రిమికి తొందర లేదు, మాకే ఉంది. నరేష్ ఉపన్యాసాల మధ్య వచ్చి, "మనోడెట్లున్నడు?" అని అడిగిపోయేవాడు. రాజయ్య ఫోన్ చేసేవాడు: "నా పురుగు మంచిగున్నదా బిడ్డా?" తన శత్రువు క్షేమం గురించి అంత ఆత్రుత పడిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

తెరిచే రోజు నరేష్ బూట్లు ముందే విప్పేసి వచ్చాడు. తెల్ల కొవ్వొత్తి జాడీలో ప్లేట్లు బోసిగా ఉన్నాయి. గాలి చొరబడకుండా మూత అంచుకు రాసే గ్రీజు ఒకచోట చెదిరి ఉంది. గులాబీ జాడీ తెరిచి, ప్లేటును వెలుతురుకు పట్టాను. నరేష్ నా భుజం మీంచి తొంగిచూసి, "పెరిగింది!" అని అరిచాడు.

"ఏం కనిపించిందో చెప్పు," అన్నాను.

వాడు కళ్లు చికిలించాడు. "మంచుబొట్లు... మిత్రులారా, మంచుబొట్లు!"

మేడం మైక్రోస్కోపులో చూసి, వంకర క్రిములేనని తేల్చి, చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు. "మా గురువుగారి మాట మీద ఎన్నేళ్లు నడిచానో చూడు! నా జాడీ నేనే పాడుచేశాను, గ్రీజు సరిగా రాయలేదు. కాబట్టి తెల్లది మంచిదా, గులాబీ మంచిదా అన్నది ఇంకా తేలలేదు. గులాబీలో ఇది బతికిందని మాత్రం తేలింది."

"అంటే మేం గెలిచినమా లేదా మేడం?" అన్నాడు నరేష్ దిగులుగా.

"అది నాకు కనిపించలేదు బాబూ," అన్నారు మేడం.

ఆ సాయంత్రం శిబిరంలో నరేష్ గులాబీ వెలుగులో వికసించిన విజ్ఞానం గురించి అద్భుతంగా మాట్లాడాడు. నేను వెనకనుంచి, "గ్రీజు సంగతి గూడ జెప్పురా!" అని అరిచాను. వాడు చెప్పలేదు.

క్రిమిని మళ్లీ మళ్లీ పెంచి, కొంత ఫ్రీజర్లో దాచి, మిగిలినదాని మీద మందులో తడిపిన చిన్న కాగితపు బిళ్లలు పెట్టి చూశాం. రాజయ్య అప్పటిదాకా మింగిన మందుల బిళ్లలను ఆనుకునే క్రిమి హాయిగా పెరిగింది. ఇంకో మందు చుట్టూ మాత్రం చంద్రుడి చుట్టూ గుడి కట్టినట్టు ఖాళీ వలయం. డాక్టరు మందులు మార్చారు. అవి అయిపోయాక కొన్నాళ్లు ఆగి, క్రిమి పోయిందో లేదో చూసే పరీక్షకు పిలిచారు. అది సంచిలోకి గాలి ఊదే పరీక్ష. "ఊదితే సాలా? గొట్టం లేదా?" అని రాజయ్య అడిగి అడిగి, చివరికి ఆ సంచి పగిలేలా ఊదాడట.

క్రిమి జాడ లేదు. ఆ మధ్యాహ్నం ఆయన మిర్చీబజ్జీల పొట్లం పట్టుకుని మా కారిడార్‌లోకి వచ్చాడు. నరేష్ కూడా ఉన్నాడు. అందరం నవ్వుతున్నాం. రాజయ్య బెంచీ మీద కూర్చుని, నవ్వు ఆపి, పొట్లం ఇంకా విప్పకుండానే అడిగాడు.

"అమ్మా, ఇగ నాకు మా నాయనకు, మా అన్నకు అయినట్టు కాదు గద?"

నరేష్ "కానే కాదు" అనడానికి నోరు తెరిచాడు. నా నోట్లోనూ ఒక జోకు సిద్ధంగా ఉంది. ఇద్దరం మేడంను చూసి మూసుకున్నాం.

ఆవిడ ఆయన పక్కన కూర్చున్నారు. "ఆ మాట నేను చెప్పలేనండి. క్రిమి పోయింది. ఇంతవరకే తెల్సింది. ముప్పు తగ్గింది, పూర్తిగా లేదని అనలేను. డాక్టరు గారు ఎప్పుడైనా మళ్లీ లోపల చూడాలంటే మాత్రం, చూపించుకోవాలి."

రాజయ్య పొట్లాన్ని ఒళ్లోకి లాక్కున్నాడు. నాకు భయం వేసింది. ఇంత కష్టపడి ఈ మనిషిని ఇప్పుడు పోగొట్టుకుంటామా అని.

"మా అన్నకు అందరు నయమైతది, నయమైతది అనే జెప్పిండ్రమ్మా. ఆఖరు దినం దాక గట్లనే అన్నరు," అన్నాడు. "నువ్వు ఒక్కదానివే తెల్వదన్నవు. గందుకే పురుగు పోయిందన్న మాట నమ్ముత." పొట్లం విప్పి మొదటి బజ్జీ ఆవిడ చేతిలో పెట్టాడు. "గొట్టం గావాల్నంటే చెప్పుండ్రి. మింగుత."

మేడం రిటైరయ్యాక కాకినాడ వెళ్లిపోయారు. రాష్ట్రం విడిపోయినందుకేమో అని కొందరు గుసగుసలాడారు. సముద్రం కోసమని ఆవిడే చెప్పారు. మా నీళ్ల మీద అంతకంటే పెద్ద ఫిర్యాదు లేదట. నేనిప్పుడు ఒక ఆస్పత్రి ల్యాబులో పనిచేస్తున్నాను. రిపోర్టు చేతిలో పట్టుకుని ఎవరో ఒకరు రోజూ రాజయ్య ప్రశ్నే అడుగుతారు. రోజంతా జనగామ మాటే మాట్లాడే నేను, అప్పుడు మాత్రం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, "ఆ మాట నేను చెప్పలేనండి. ఇంతవరకే తెల్సింది," అంటాను. ఆ రెండు వాక్యాలూ ఎందుకో అచ్చం కాకినాడ యాసలో వస్తాయి. నా దగ్గర పనిచేసే పిల్లలు మూతి బిగించి నవ్వుకుంటారు. మార్చుకుందామని ప్రయత్నించాను. మా యాసలో చెబితే నాకే నమ్మకం కలగదు.