సాయిబు గారి వల సంచి

మా సూదుల సాయిబు గారు పోయారన్న కబురు నాకు సంత బస్సులో తెలిసింది. ఆ రోజు ఆ బస్సులో నా అంత సంతోషంగా ఉన్నవాడు ఇంకొకడు లేడు. ముందురోజే నా కూతురికి ఆడపిల్ల పుట్టింది. రెండుసార్లు కడుపు నిలవక, మూడోసారికి దక్కిన పిల్ల! నా తల్లే మళ్ళీ పుట్టిందని డ్రైవరు మొదలు ముసలమ్మల దాకా అందరికీ బెల్లం ముక్కలు పంచుతున్నాను. అన్నిటికన్నా పెద్ద ముక్క కాగితంలో చుట్టి సాయిబు గారి కోసం జేబులో దాచాను. హుకుంపేటలో బస్సు నిండింది. ఆయన ఎక్కలేదు.

"సాయిబు రాలేదేటి?" అని కండక్టర్ని అడిగాను.

"నీకు తెల్దా తాతా? మొన్న పోయాడు. గుండె నొప్పంట."

నోట్లో బెల్లం ఉంది. మింగలేక, ఉమ్మలేక కూర్చున్నాను. ఆ ముక్క ఇస్తూ ఆయనకు ఒక మాట కూడా చెబుదామనుకున్నాను. నాలుగేళ్ళుగా చెప్పలేకపోయిన మాట. అరకు చేరేసరికి జేబులో బెల్లం కరిగి చొక్కాకు అంటుకుపోయింది.

ఆయన సాలూరు నుంచి కుర్రతనంలోనే మా కొండలకు వచ్చారు. సూదులు, గుండీలు, రిబ్బన్లు, పిన్నీసులు, పిల్లల గాజులు ఒక ఖాకీ సంచిలో వేసుకుని సంత సంతకూ తిరిగేవారు. బేరమాడే ఆడవాళ్ళతో, "సూది ఊరికినే తీసుకో అప్పా, దాని కన్నానికే డబ్బులు" అనేవారు. ఆ మాట వందసార్లు విన్నవాళ్ళు కూడా మళ్ళీ నవ్వేవారు.

మా ఏజెన్సీ బస్సుల్లో ఒక పద్ధతి ఉంది. సీటు దొరికినవాళ్ళు నిలబడ్డవాళ్ళ మూటలు ఒళ్ళో పెట్టుకోవాలి. ఎవరూ అడగరు, ఎవరూ కాదనరు. అల్లం బుట్టయినా, కోడిపుంజయినా, పసిపిల్లయినా సరే. "కూసున్నోడి ఒడి ఆడిది కాదు బావూ, నిలబడ్డోడిది" అనేవారు సాయిబు గారు. నేను పై ఊళ్ళో ఎక్కేవాణ్ణి కాబట్టి వెళ్ళేటప్పుడు నాకు సీటుండేది, ఆయన సంచి నా ఒళ్ళో ఉండేది. తిరిగి వచ్చేటప్పుడు ఆయనే బేగి, నాకన్నా ముందే, ఎక్కి కూర్చునేవారు, నా కూతురు ఆయన ఒళ్ళో ఉండేది. పెళ్ళయిన పన్నెండేళ్ళకు పుట్టిన ఒక్కగానొక్క గుంట అది. మలుపుల్లో కడుపు తిప్పి ఆయన లుంగీ మీదే ఎన్నిసార్లు కక్కిందో! ఒక్కసారి కూడా ముఖం చిట్లించలేదు. "గుంట మా ఇంటి అన్నం తినలేదు గానీ, తినిందంతా నాకే ఇచ్చేసింది" అని నవ్వుతూ తుడుచుకునేవారు.

పదిహేనేళ్ళు అలా గడిచాయి.

రెండు వేల అయిదులో, ఆషాఢం వానల్లో, లండన్‌లో రైళ్ళలోనూ బస్సులోనూ బాంబులు పేలాయి. మా రోడ్డు పక్క టీ కొట్టులో టీవీ ముందు నిలబడి చూశాం. మతం పేరు చెప్పుకుని నలుగురు కుర్రాళ్ళు సంచులు వీపున తగిలించుకుని ఎక్కారట. తామూ చచ్చి, పక్కన కూర్చున్నవాళ్ళనూ చంపారట. ఎక్కడి నుంచో వచ్చినవాళ్ళు కాదు, ఆ దేశంలో పెరిగినవాళ్ళేనట.

"పక్కింటోళ్ళకి కూడా తెల్దంట మావా," అన్నాడు టీ కొట్టువాడు. "రోజూ నవ్వుతా మాటాడీవోళ్ళంట."

ఆ ఒక్క మాట ముల్లులా దిగింది. ఆ ముల్లుతోనే బస్సెక్కాను.

హుకుంపేటలో సాయిబు గారు తడుస్తూ ఎక్కారు. ఎప్పటిలాగే నా వైపు చూడకుండానే, చుట్టుపక్కలవాళ్ళను పలకరిస్తూ సంచి చాచారు. నేను చేతులు వెనక్కి తీసుకున్నాను.

"అందులో ఏటున్నాయి సాయిబూ?" అన్నాను.

ఆయన హాస్యం అనుకున్నారు. "ఏటుంటాయి బావూ, కన్నాలున్నాయి" అని నవ్వారు. నేను నవ్వలేదు. వెనక నుంచి ఎవరో, "తెరిసి సూపించొచ్చు గదా" అన్నారు.

సాయిబు గారు నా ముఖంలోకి చూశారు. తర్వాత ఆ తడి నేల మీదే గొంతుకూర్చుని సంచి విప్పారు. సూదుల డబ్బా, రిబ్బన్ల చుట్టలు, గాజులు ఒక్కొక్కటే తీసి చూపించారు. ఇంతలో మలుపొచ్చింది. గుండీల పొట్లం చిరిగి, గుండీలన్నీ సీట్ల కిందకు దొర్లాయి. ఆయన మోకాళ్ళ మీద పాకుతూ ఏరుకున్నారు. నా కాళ్ళ దగ్గరకు కూడా వచ్చారు. నేను వంగలేదు. ఆయనకు అడ్డం లేకుండా కాళ్ళు మాత్రం పైకెత్తాను.

అరకు దాకా ఆయన సంచి చంకలో పెట్టుకుని నిలబడే వచ్చారు. నా ఒళ్ళో ఏమీ లేదు.

మరుసటి సంతకు ఆయన ఖాకీ సంచి తేలేదు. ఉల్లిపాయలు వచ్చే ఎర్ర వల గోనెకు పట్టీలు కుట్టి తెచ్చారు. లోపలి సరుకంతా బయటికి కనబడుతోంది. "ఇలాగయితే ఎవులికీ బయ్యం ఉండదు బావూ. బస్సులోనే బోణీ కూడా అయిపోతాది" అన్నారు. నా తప్పుకు నేను సిగ్గుపడకూడదని ఆయనే ఆ మాట అన్నారు. ఎంత పెద్దమనిషి! నేను మాత్రం కిటికీ వైపు తిరిగాను.

నాలుగేళ్ళూ అలా కిటికీలోంచే చూశాను. ఆ సంచి మళ్ళీ నాకు చాచలేదాయన. కానీ "గుంట ఎలాగుంది బావూ?" అని అడగడం మానలేదు. ఒకసారి టీ కొట్టులో ఎవరో ఆ లండన్ కుర్రాళ్ళ మాట ఎత్తితే, గ్లాసు తిప్పుతూ, "ఆ కుర్రోడి ఒళ్ళో ఎవులైనా పిల్లని కూకోబెట్టుంటే ఆ పని సేసుండీవోడా బావూ?" అన్నారు. ఆ కుర్రాళ్ళు చేసింది ఘోరమే, దాన్ని దేవుడు చూసుకుంటాడు. మా బస్సులో జరిగింది మాత్రం వాళ్ళు చేయలేదు, నేను చేశాను. సంచి అందుకోని సంగతి ఇంటికొచ్చి చెబితే నా కూతురే అంది: "నన్ను ఆయన ఒళ్ళో ఏసి నిసింతగా నిలబడీవోడివి గదా అయ్యా. నీకు సేతులెలా ఎనక్కొచ్చాయి?"

ఆయన పోయిన నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థనకు కూతుర్నీ పసిదాన్నీ తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. కూతురు పిల్లను సాయిబు గారి భార్య ఒళ్ళో పడుకోబెట్టింది. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని, మేకుకు వేలాడుతున్న వల సంచి చూపించారు.

"అందులో నల్లగాజులు సూడండి బావూ. మీ గుంటకి నెలలు నిండతన్నాయని తెలిసి కొన్నారు. రెండు నెలలు మోసుకు తిరిగారు. ఇచ్చెయ్యొచ్చు గదా అంటే, 'ఆళ్ళయ్య ఒక్కపాలి సంచి వంక సూత్తే ఆడే అడుగుతాడు, అప్పుడిత్తాను' అనీవోరు."

ఎర్ర వలలోంచి కనబడుతూనే ఉన్నాయి. బొటనవేలంత గాజులు, నాలుగు. ఆ రెండు నెలలూ బస్సులో అందరికీ కనబడే ఉంటాయి.

"ఇంక ఎవులమ్ముతారు? మీ ఊరి పిల్లలకి పంచెయ్యండి, ఆయనకి పున్నెం" అని ఆవిడ పిల్లను నా కూతురికిచ్చి, లేచి సంచి తీసి చాచారు. రెండు చేతులతో అందుకున్నాను. చెప్పవలసిన మాట ఆవిడకే చెప్పాను. ఆవిడ తలూపారు.

తిరుగు బస్సులో సంచి నా ఒళ్ళో పెట్టుకున్నాను. దాని మీద మనవరాలిని పడుకోబెట్టుకున్నాను. మలుపు తిరిగినప్పుడల్లా అడుగున సూదుల డబ్బా గలగలమంటోంది. పిల్ల నిద్రలో చెయ్యి కదిపింది, వేలు వల కంతలో ఇరుక్కుంది. విడిపించబోయి ఆగాను. మా ఊరి మలుపు దాకా ఆ చిన్న వేలు అలాగే సంచిని పట్టుకుని ఉంది.