కీర్తనతో కొలిచిన హద్దు

1949. పోలీస్ యాక్షన్ జరిగి ఏడాది కావస్తోంది. నేను హైదరాబాద్ స్టేట్ సర్వే శాఖలో సర్వేయర్‌ని. ఉండేది సీతాఫల్‌మండిలో, పని చేసేది కంటోన్మెంటు దాటాక ఉన్న ఊళ్లలో. సైకిల్ వెనక పొలాలు కొలిచే ఇనప చైన్ కట్టుకుని కార్ఖానా బస్తీ మీదుగా గలగలమంటూ పోతుంటే, ఎవరికో సంకెళ్లు వేయడానికి పోతున్నాననుకుని పిల్లలు పక్కకు తప్పుకునేవారు. అల్లరి రోజుల్లో ఊళ్లు విడిచిపోయిన జనం ఒక్కొక్కరే తిరిగి వస్తున్నారు. వచ్చి చూసుకుంటే గట్టు ఉన్నచోట గట్టు లేదు, రాయి ఉన్నచోట రాయి లేదు. నా బల్ల మీద అర్జీలు గుట్టగా పడ్డాయి. అన్నింటిలోనూ ఒకటే ఏడుపు, పక్కవాడు నా హద్దురాయి జరిపాడని.

ఆ గుట్టలో ఒక అర్జీ వేరుగా కనిపించింది. నీలం సిరా, అచ్చు గుద్దినట్టున్న అక్షరాలు. "నేను నా పొరుగువాని హద్దురాయిని జరిపితిని. దానిని యథాస్థానమున పాతించవలసినదిగా ప్రార్థన." కింద సంతకం: దయామణి, రిటైర్డ్ టీచర్, యాప్రాల్. మా హెడ్ క్లర్క్ చూసి నవ్వాడు. "ముసలామె తారుమారు రాసింది. పొరుగువాడు జరిపెను అని దిద్దుకో" అన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. ఎర్ర పెన్సిలు తీశాను కూడా. ఆ అక్షరాల పొందిక చూశాక దిద్దడానికి చెయ్యి రాలేదు.

యాప్రాల్ అప్పుడు బండరాళ్లూ సీతాఫలం పొదలూ తప్ప ఏమీ లేని ఊరు. బాట పక్కన పెంకుటిల్లు, నాలుగు కోళ్లు, తెల్లచీర కట్టుకున్న సన్నటి మనిషి. దయామణిగారిది గుంటూరు వైపు. సికింద్రాబాదులో మిషన్ బడిలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి, భర్త పోయాక ఇక్కడ స్థిరపడ్డారు. పక్క పొలం యాదయ్యది. ఆకుకూరలు పండించి సికింద్రాబాదు బజారుకు వేసేవాడు. నేను వెళ్లేసరికి అతను ఆమె వరండాలోనే కూర్చుని ఉన్నాడు. కక్షిదారులిద్దరూ ఒకే గిన్నెలో వేరుసెనక్కాయలు ఒలుచుకుంటూ సర్వేయర్ కోసం ఎదురుచూడటం నేను చూసింది అదే మొదటిసారి.

"అర్జీలో రాసింది నిజమేనా అమ్మా?" అని అడిగాను.

"నిజమే బాబూ. నేనే జరిపించాను."

యాదయ్య చేతిలోని పప్పులు కింద పెట్టి లేచాడు. "సాబ్, టీచరమ్మ మాట పట్టుకోకుండ్రి. రాయి యాడున్నదో గాడనే ఉండనీ. నాకేం తక్లీఫ్ లేదు."

"నువ్వూరుకో యాదయ్యా. నీ పొలం నీకు తెలియదు" అన్నారామె, బళ్లో పిల్లవాణ్ణి కూర్చోబెట్టినట్టు. అతను కూర్చున్నాడు.

జరిగింది ఇది. ముందటి ఏడు ఎండాకాలంలో యాదయ్య పెళ్లాం పిల్లలతో బెజవాడ వైపు చుట్టాల దగ్గరికి వెళ్లిపోయాడు. ఖాళీ అయిన పొలాల మీద ఒక గుత్తేదారు కన్ను పడింది. ముఖ్యంగా యాదయ్య బావి మీద. వెంట కర్రలు పట్టుకున్న మనుషులతో ఊరంతా తిరిగి, దిక్కులేని భూములన్నీ తనవేనని గీతలు గీసుకుంటున్నాడు. రేపో మాపో ఇటు వస్తాడని తెలిసింది. ఇద్దరి పొలాల మధ్య హద్దుకు ఒక కొసన పెద్ద బండ ఉంది. దాన్ని ఎవరూ కదపలేరు. రెండో కొసన, బాట వైపు, సర్వే రాయి. ఆ రాయిని బాట వెంట బావి దాటేదాకా జరిపితే బావి టీచరమ్మ వైపుకు వచ్చేస్తుంది. మిట్టమధ్యాహ్నం ఎండకు ఊరంతా తలుపులు వేసుకున్న వేళ, జట్కా తోలే ఖాసిం భాయి గునపంతో రాయి పెకలించి బండి మీద వేశాడు. ఆమె వెనకే నడిచారు. మర్నాడు గుత్తేదారు వస్తే, "ఇది నా స్థలం, అదిగో రాయి" అని చెప్పారు. ముప్పై ఏళ్లు పిల్లల్ని గదమాయించిన గొంతు కదా, వాడు నమ్మి వెళ్లిపోయాడు.

"మంచి పని చేశారు. ఇందులో నేరమేముంది?" అన్నాను.

ఆమె లోపలికి వెళ్లి బైబిలు తెచ్చారు. తెరవలేదు, ఒళ్లో పెట్టుకున్నారు. "పొరుగువాడి హద్దురాయి జరిపినవాడు శాపగ్రస్తుడని మోషే ధర్మశాస్త్రంలో ఉంది బాబూ. ఆ శాపం చదవగానే జనమంతా ఆమేన్ అనాలి. ముప్పై ఏళ్లు బడిపిల్లల చేత అనిపించాను. ఆ ఆమేన్లన్నీ ఇప్పుడు నా మీదికే వస్తున్నాయి."

"గప్పటి సంది గుడిల రొట్టె తింటలేదు సాబ్" అన్నాడు యాదయ్య, తలొంచుకుని. "అందరు లేసి పోతరట. ఈమె ఒక్కతే బెంచీ మీద కూసుంటదట."

ఆ రొట్టె ప్రభు సంస్కారమనీ, మనసులో పాపభారం ఉన్నవాళ్లు దాన్ని ముట్టరనీ నాకు అప్పటికి తెలియదు. తినకపోతే ఏమవుతుందని అడగబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాను. చెప్పొద్దూ, కొంచెం విసుగు కూడా వచ్చింది. రాయి కోసం ఇంత పెద్ద శాపమా? ఆ మాటే అడిగాను.

"వాళ్లు ఐగుప్తులో ఇటుకలు చేసిన బానిసలు బాబూ. కాలు మోపడానికి సొంత నేల లేదు. దేవుడు తీసుకొచ్చి, చీట్లు వేసి, ఇంటింటికీ ఇంతని పంచాడు. భూమి ఆయనదే. రాయి ఏం చెబుతుందంటే, ఈ ఇంటివాళ్లకి కూడా ఇక్కడ వాటా ఉంది అని. విధవరాలూ తండ్రిలేని పిల్లలూ కచేరీల చుట్టూ తిరగగలరా? వాళ్ల తరఫున మాట్లాడేది ఆ రాయి ఒక్కటే. నేను దాని నోరు మూయించాను."

"అతని మంచికే కదా!"

"జరిపినవాడు అని రాసి ఉంది. ఎందుకు జరిపాడో విచారించమని లేదు."

మా ట్రైనింగులో హద్దురాయి అంటే రెండు గీతలు కలిసే పాయింట్ అని చెప్పారు, అంతే. దానికి నోరుంటుందని ఎవరూ చెప్పలేదు.

సరే, పనిలో దిగాను. మాకు టిప్పణ్ అని ఉంటుంది, ప్రతి పొలం కొలతలూ గీసి పెట్టిన పటం. ఈ పొలాల పేజీలో సరిగ్గా ఆ మూలనే చెద తినేసింది. రాయి లేపిన గుంట పూడ్చేసి, పైన రెండు వానలు పడి, గడ్డి మొలిచింది. ఖాసిం భాయి కూతురి దగ్గర ఉంటానని ఔరంగాబాదు వెళ్లిపోయాడు. ఇక మిగిలిన సాక్షి టీచరమ్మే.

"ఎంత దూరం జరిపారో కొలిచారా?"

"కొలిచాను. టేపు లేదు కదా, బైబిల్లోని ఇరవై మూడో కీర్తన చెప్పుకుంటూ నడిచాను. మాటకో అడుగు. కీర్తన ఎక్కడ అయిపోతే అక్కడ రాయి పాతించాను. మళ్లీ మర్చిపోకుండా ఉండాలని."

గుంటలూ అణాలూ అడుగులూ అంగుళాలూ అన్నీ కొలిచినవాణ్ణే, కీర్తన ఎన్ని అడుగులో ఏ మాన్యువల్లోనూ లేదు. అయినా వేరే దారి లేదు. "నడవండమ్మా" అన్నాను.

ఆమె ఇప్పుడున్న రాయి దగ్గర నిలబడి, కళ్లు సగం మూసుకుని, మాటకో అడుగు వేస్తూ వెనక్కి వచ్చారు. నేను చైన్ పట్టుకుని పక్కన. మాది ముప్పై మూడు అడుగుల చైన్, అణాలని పదహారు భాగాల గుర్తులుంటాయి. మా చైన్‌మన్‌కు జ్వరం కావడంతో రెండో కొస యాదయ్య పట్టుకున్నాడు. కక్షిదారు చేత చైన్ పట్టించకూడదని రూలు. ఆ రూలు ఎందుకు పెట్టారో అరగంటలో తెలిసొచ్చింది. నేను తల తిప్పగానే యాదయ్య చైన్ కొసన గుచ్చిన మేకును కాలితో తన పొలం వైపు నెట్టేవాడు, టీచరమ్మకు నాలుగు అడుగులు ఎక్కువ వచ్చేట్టు. చైన్ దగ్గర మోసం చేసేవాళ్లను ఎందరినో పట్టుకున్నాను గాని, పక్కవాళ్లకు లాభం రావాలని మోసం చేసినవాడు ఇతనొక్కడే.

"ఏందయ్యా ఇది?" అని గదిమాను.

"జెర చూసీ చూడనట్టు పోండ్రి సాబ్. నా బావి ఉన్నది. నా పిల్లలు ఉన్నరు. గింత జాగ ఎక్కువైతే ఆమెకే గద."

కీర్తన ముగిసేసరికి ఆమె తన పెరట్లో కోళ్ల గూటి పక్కన నిలబడి ఉన్నారు. అక్కడ తవ్వించాను. పాత సర్వేవాళ్లకు ఒక మంచి అలవాటుండేది. రాయి పాతేముందు గుంట అడుగున బొగ్గులు, కుండపెంకులు పోసేవాళ్లు. బొగ్గుకు చెద పట్టదు, అది కుళ్లదు. రాయి పోయినా కింద సాక్షి మిగులుతుంది. మోకాలి లోతు తవ్వినా బొగ్గు కనిపించలేదు. టీచరమ్మ వంగి గుంటలోకి చూశారు.

యాదయ్య పలుగు తీసుకుని బాట వెంట తవ్వుకుంటూ పోయాడు. అటు తన వైపుకు ఆరడుగులు జరిగాక మట్టి నల్లగా కనిపించింది. గుప్పెడు బొగ్గులు. "దొరికింది!" అని అరిచాడు. నేను అరవలేదు. కుండపెంకులు లేవు, బొగ్గు ఒక్కటే. "ఇక్కడెప్పుడైనా పొయ్యి పెట్టారా?" అని అడిగాను. యాదయ్య ముఖం వాడిపోయింది. అతనికి అబద్ధం రాదు. "మా ఇంటిది ఓ ఏడు వడ్లు ఉడకబెట్టింది. గాడనో, ఇంకో జాగనో యాదికి లేదు" అన్నాడు.

అక్కడ ఆగిపోయాను. పొయ్యి బొగ్గు మీద రాయి పాతించి సంతకం పెడితే, ఇంకో యాభై ఏళ్లు ఆ తప్పే రికార్డు. "ఈ ఆరడుగుల తేడా ఎందుకు వచ్చిందో తేలాలమ్మా. మీరు వేసే ఒక్కో అడుగు కొలతకు రెండు అడుగులు. అంటే మూడు మాటల తేడా. ఈ బొగ్గే రాయి కిందిదైతే ఆ రోజు మూడు మాటలు తగ్గి ఉండాలి" అన్నాను.

"కీర్తన నేను తప్పుగా చెప్పనే!" అన్నారు, టీచరమ్మకు కోపం వచ్చింది. వేళ్ల మీద మాటలు లెక్కపెట్టుకుంటూ మొదలుపెట్టారు. కీర్తనలో చీకటి లోయ మాట దగ్గరికి వచ్చేసరికి వేలు ఆగిపోయింది. మెల్లగా కోళ్ల గూటి పక్కనే నేల మీద కూర్చుండిపోయారు.

"ఆ ముక్క వదిలేశాను బాబూ" అన్నారు. "అపాయానికి భయపడనని చెప్పే ముక్క. మూడు మాటలే. ఆ రోజు ఎండలో నా కాళ్లు వణుకుతున్నాయి. ఎవరైనా చూస్తారేమో, ఖాసింని కొడతారేమోనని ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని నడిచాను. మర్నాడు ఆ గుత్తేదారుతో ఒక అబద్ధం ఎలాగూ చెప్పాలి. దేవుడితో కూడా భయం లేదని ఇంకో అబద్ధం ఎలా చెప్పను? నోరు రాలేదు. దాటేసి తరవాతి మాట అందుకున్నాను."

యాదయ్య చేతిలో పలుగు అలాగే ఉంది. ఆమె తన కోసం ఎంత భయపడ్డారో అతనికి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. మాకిద్దరికీ వీపు తిప్పి బావి వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆమెను మళ్లీ నడవమన్నాను, ఆ రోజు చెప్పినట్టే, ఆ మూడు మాటలు వదిలేసి. చివరి మాటకు ఆమె పాదం సరిగ్గా బొగ్గుల గుంట అంచున పడింది. ఇంకో జానెడు తవ్విస్తే కుండపెంకులు కూడా బయటపడ్డాయి.

శుక్రవారం నాడు రాయి పాతించాం. యాదయ్య పసుపు, కుంకుమ, కొబ్బరికాయ తెచ్చి, టీచరమ్మ వైపు చూస్తూ తటపటాయించాడు. "మీ దేవుడు ఏమన్న అంటడా అమ్మా?" అన్నాడు. "నీ వైపు నువ్వు పెట్టుకో నాయనా, నా వైపు నేను ప్రార్థన చేసుకుంటాను" అన్నారు. అలా ఆ రాయికి ఒక ముఖం పచ్చగా, ఒక ముఖం ఉత్తగా మిగిలింది. ఫీల్డ్ బుక్‌లో రిమార్కుల గడిలో "భూగర్భ సాక్ష్యము ప్రకారము" అని మాత్రం రాశాను. కీర్తన సంగతి రాస్తే పై అధికారి నన్ను ఆస్పత్రికి పంపేవాడు.

సోమవారం పొద్దున ఆఫీసు తలుపు తీయకముందే యాదయ్య మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఇంకేం గొడవ వచ్చిందో అనుకున్నాను. కాదు. ముందురోజు ఆదివారం టీచరమ్మ వెంట అతనూ గుడికి వెళ్లాడట. లోపలికి పోకుండా కిటికీ దగ్గర నిలబడి చూశాడట. అది చెప్పడానికి యాప్రాల్ నుంచి నడిచి వచ్చాడు.

"అందరితోని లేసి పోయింది సాబ్. తిన్నది" అన్నాడు.

కాగితాల మీద ఆ కేసు శుక్రవారమే ముగిసింది. నాకు మాత్రం యాదయ్య ఆ మాట చెప్పాకే ముగిసింది. ఆ తరవాత ఇరవై ఏళ్లకు పైగా చైన్ మోశాను. ఏ పొలం కొలవడానికి పోయినా ఒక కక్షిదారు ఉంటే ఇంకొకరు ఉండరు. ఊరు విడిచిపోయి ఉంటారు, లేదా చచ్చిపోయి చిన్నపిల్లలు మిగిలి ఉంటారు. ఉన్నవాడు "వాళ్లు లేరు కదా సాబ్, కొలిచేయండి" అంటాడు. అప్పుడు నేను చైన్ పట్టుకుని గట్టు దాటి, లేనివాళ్ల పొలంలోకి పోయి నిలబడి, "కొలుద్దాం పట్టు, వాళ్ల తరఫున నేనున్నాను" అంటాను.