కృష్ణమ్మ పంపిన కోడండ్లు

మా మేనత్త పోయిన కబురు మా నాయనే కర్నూలుకు తెచ్చాడు. హాస్టలు వరండాలో నిలబడి, తలగుడ్డ విప్పి చేతికి చుట్టుకుంటూ, "అత్త పోయింది బిడ్డా. జ్వరమొచ్చింది, తగ్గలే" అన్నాడు. నేను ఏడుపు మొదలుపెట్టేలోగా ఇంకో మాట కూడా అన్నాడు. "బావి పూడిక తీస్తరంట. చేపలను గూడ తీసి పారేస్తమని మన గల్లీ పెద్దాయన అంటుండు. ఈ సంగతి కోడలికి చెప్పుమని అత్త ఆఖరికి గూడ అడిగింది."

ఆ కోడలిని నేనే. తమ్ముడి కూతురిని కాబట్టి అత్త నన్ను పేరుతో కాక కోడలా అనే పిలిచేది. ఇక ఆ చేపలు ఎవరో మీకు చెప్పాలి.

మాది గద్వాలలో మగ్గాల గల్లీ. మామయ్య పోయాక అత్త మా ఇంటికే వచ్చేసింది. నాయన గుంట మగ్గం మీద చీర నేస్తుంటే పక్కన కూర్చుని రాట్నం తిప్పుతూ కండెలు చుట్టేది. యుద్ధం రోజుల్లో నూలు దొరక్క మగ్గం ఆగిపోతే, ఉత్త రాట్నం తిప్పుతూ కబుర్లు చెప్పేది. ఏ నీళ్ళు ఇచ్చినా గ్లాసును వెలుతురుకు ఎత్తి, ఒక కన్ను మూసి లోపలికి చూసేది. చుట్టాల ఇళ్ళలో కూడా అంతే. "ఏం చూస్తున్నవ్ అక్కా, మేం విషం కలిపినమా?" అని ఎవరైనా దెప్పితే, "కలిపితే కలిపిండ్రు గని, ఎంత కలిపిండ్రో చూసుకోవద్దా?" అని గ్లాసు తొణికేలా నవ్వేది.

ఆ అలవాటు వెనక నేనున్నాను.

నా చిన్నతనంలో నాయన కాలికి నారికురుపు లేచింది. పిక్క మీద బొబ్బ చిట్లి, తెల్లని దారంలాంటి పురుగు బయటికి వచ్చేది. తెగితే ప్రమాదమని దాన్ని చీపురు పుల్లకు చుట్టి రోజుకు కొంచెం కొంచెం లాగేవాళ్ళు. గుంటలో కాళ్ళు పెట్టి తొక్కితేనే మగ్గం ఆడుతుంది. ఆ కాలు కదలదు. నాయన మూలుగు వినలేక నేను నూలు బుట్టల వెనక దాక్కునేదాన్ని. గల్లీలో ఏటా ఎవరో ఒకరు అలా మంచం పట్టేవారు.

ఆ తర్వాత కర్నూలు బడిలో ఒక పాఠం విన్నాను. కురుపు ఉన్నవాళ్ళు దిగుడుబావి మెట్లు దిగి నీళ్ళలో కాలు పెడితే ఆ పురుగు నీళ్ళలోకి పిల్లల్ని వదులుతుందట. నీళ్ళలో ఉండే నలుసంత జీవులు వాటిని తింటాయట. మనం ఆ నీళ్ళు తాగితే ఏడాదికి మన కాలిలో పురుగు తయారట. సెలవులకు ఇంటికి వచ్చిన నాకు బావినీళ్ళు గొంతు దిగలేదు. ఎవరికీ చెప్పకుండా ముంజలు, మామిడికాయలు తిని బతికాను. ఇచ్చిన నీళ్ళన్నీ గుట్టుగా మల్లెచెట్టుకు పోసేదాన్ని.

ఒకరోజు అత్త వెనక నుంచి వచ్చి, "గా మల్లెచెట్టుకు జలుబు చేస్తది కోడలా" అంది.

గ్లాసును వీపు వెనక దాచుకున్నాను. చేయి పట్టుకుని కూర్చోబెట్టింది. అంతా చెప్పేశాను.

"గింత సంగతి కడుపుల పెట్టుకొని తిరుగుతున్నవా? ఎవ్వరికన్న చెప్పినవా?"

"లేదత్తా. నవ్వుతరు."

"నవ్వితే వాళ్ళ పండ్లు కనబడతయి. నీకేం పోయింది?"

కానీ తను నవ్వలేదు. గాజు గ్లాసులో బావినీళ్ళు ముంచి ఎండకు ఎత్తింది. తెల్లని చుక్కలు, ఆగి ఆగి గంతులేస్తున్నాయి. అత్త చాలాసేపు చూసింది. "వామ్మో, వీటికి మనకన్న హుషారెక్కువున్నది" అంది. తర్వాత నా గడ్డం పట్టుకుని చెప్పిన మాట నాకిప్పటికీ వినిపిస్తుంది. "భయమైతే భయపడు బిడ్డా. కండ్లు మాత్రం మూసుకోకు."

ఆ రోజే బిందె మూతికి నాలుగు మడతల నూలుగుడ్డ కట్టింది. ఆ వారమే బండి కట్టించి నన్ను తన అత్తగారి ఊరికి, కృష్ణ ఒడ్డుకు తీసుకుపోయింది. అక్కడ పారే నీళ్ళు తగలని ఒక మడుగు ఉంది. చుట్టూ తుంగ, నీళ్ళలో నాచు. పైపైనే తిరుగుతున్నాయి ఆ చేపలు, చిటికెన వేలంత. తల పైభాగం చదును. నోరు ఆకాశం వైపు తెరుచుకుంటుంది. వీపు మీది రెక్క ఎక్కడో తోక దగ్గర ఉంటుంది. నడినెత్తిన మాత్రం తళతళలాడే తెల్ల చుక్క.

"నీళ్ళ మీద దోమపిల్ల కదిలినా, నలుసు కదిలినా గుటుక్కుమనిపిస్తయి. మా అత్తగారింటి బావిల గిట్లనే ఉండె. అడుగుకు పోవు, బురద కదిలియ్యవు" అంది అత్త. పాత చీర పరిచి మడుగులోంచి మెల్లగా ఎత్తింది. నాచు కూడా తెచ్చుకుంది. ఇవి గుడ్లన్నీ ఒకేచోట కుప్పగా పెట్టవట. ఒక్కొక్కటి నాచుపోగుకు సన్నని దారంతో అంటిస్తాయట. పిల్లలు దాక్కోవడానికి నాచు లేకపోతే తల్లే తినేస్తుందట. "అత్తగార్ల కన్న అన్యాలం" అని నవ్వింది.

బానలో సగమే నీళ్ళు పోసింది, గాలి బాగా తగలాలని. పైన తడిగుడ్డ కప్పింది. అయినా ఒకటి ఎగిరి బండి తోలేవాడి ఒళ్ళో పడింది. అతడు కెవ్వుమని కేకేస్తే ఎద్దులు బెదిరాయి. గద్వాల వచ్చేదాకా అత్త ఆ కేకను అనుకరిస్తూనే ఉంది.

బావి దగ్గర గల్లీ పెద్దాయన అడ్డం నిలబడ్డాడు. నీసు ముట్టని మనిషి. "తాగే నీళ్ళల్ల చేపలేందమ్మా? మతి ఉన్నదా?"

అత్త వాదించలేదు. బానను మెట్టు మీద పీట వేసి పెట్టింది. పెద్దాయన భార్యను పిలిచింది. "చిన్నమ్మా, జర ఇటు రా. కృష్ణమ్మ తన బిడ్డలను మన గల్లీకి కోడండ్లుగ పంపింది. నేను పసుపు కుంకుమ ముట్టొద్దంటరు. నువ్వే లోపలికి పిలుచుకోవాలె. బొట్టు పెట్టే పని గూడ లేదు, పుట్టంగనే పెట్టుకొని వచ్చిండ్రు."

ఆమె బానలోకి వంగి చూసింది. తెల్ల చుక్కలన్నీ పైకి తిరిగి ఉన్నాయి. "అయ్యో, నిజమేనే!" అని ఇంట్లోకి ఉరికి ఒడిబియ్యం తెచ్చింది. ఆడవాళ్ళు నవ్వుతూనే కొత్త కోడలిని గడప దాటించే పాట అందుకున్నారు.

"కోడలు గడపల నిలబడినంక ఎల్లగొడ్తవా చిన్నాయనా?" అంది అత్త.

పెద్దాయన మీసం దువ్వుకున్నాడు. "నా బిందెలకు మాత్రం రావొద్దు."

"మీరు చెంబు ముంచితేనే ఉరికిపోతరు. ఇంకొక మాట, కాలు మీద కురుపున్నోళ్ళు మెట్లు దిగొద్దు. కోడండ్లకు సిగ్గైతది. వాళ్ళ నీళ్ళు మేం మోసి ఇస్తం."

అలా చేపలు బావిలోకి దిగాయి, కురుపున్నవాళ్ళు పై మెట్టు మీదే ఆగారు. రోజూ పొద్దున అత్త బావి దగ్గర నిలబడి ఆ కోడండ్లందరినీ పలకరించి వచ్చేది. తర్వాత మా ఇంట్లో ఎవరికీ కురుపు లేవలేదు. నాయన కాలు మగ్గం తొక్కింది. నేను సెలవులకు వచ్చి, ఇంకా ఏవో భయాలు గొణుగుతుంటే అత్త అనేది: "ఇంతమంది కోడండ్లల్ల నోరున్నదానివి నువ్వొక్కదానివే. నువ్వు గూడ చేపలెక్క ఉంటే ఎట్ల?"

కబురు విన్నాక నాయనతో రైలు దిగి నేరుగా బావి దగ్గరికి వెళ్ళాను. నీళ్ళు తోడే మనుషులు వచ్చి ఉన్నారు. పెద్దాయన పై మెట్టు మీద కూర్చున్నాడు. గల్లీ అంతా అక్కడే ఉంది. వెనక్కి వెళ్ళిపోదామనిపించింది. కళ్ళు మాత్రం మూసుకోలేదు.

"తాతా, పూడిక తియ్యుండ్రి. గని ముందుగాల చేపలను బానలకు ఎత్తాలె" అన్నాను.

"తెచ్చినామెనే పోయింది. ఇంకెందుకు బిడ్డా?"

అప్పుడు చెప్పాను. మల్లెచెట్టుకు పోసిన నీళ్ళ దగ్గర నుంచి గ్లాసులో గంతులేసిన చుక్కల దాకా, నాయన కాలు దాకా. ఎవరో కిసుక్కుమన్నారు. వాళ్ళ పళ్ళు కనిపించాయి, అంతే. నేను ఆపలేదు.

పెద్దాయన ఏదో అనబోయాడు. ఆయన భార్య చెంగు బిగించి మెట్లు దిగింది. "మాట్లాడకు. ఒడిబియ్యం పోసింది నేను. నా కోడండ్లు యాడికి పోరు. బానలు తేండ్రే!"

పెద్దాయన మీసం మీదికి చెయ్యి పోయింది. "నేనేమన్న వద్దన్ననా? నా ఇంట్ల గూడ బాన ఉన్నది" అన్నాడు.

పూడిక తీసినన్ని రోజులు గల్లీలో ఇంటింటా చేపలు చుట్టాలయ్యాయి. మగ్గం పక్కన ఒక బాన, వంటింటి గడపలో ఒక బాన. పెద్దాయన తన బాన మీద గుడ్డ తీసి దొంగగా తొంగి చూడటం నేను చూశాను. ఎవరికీ చెప్పలేదు.

కొత్త నీళ్ళు ఊరి తేటపడ్డాక అందరం మెట్ల మీద నుంచి వాటిని వదిలాం, నాచుతో సహా. నేను చెంబు ముంచాను. చేపలు చెదిరిపోయాయి. గుడ్డలో వడగట్టి, గ్లాసులో పోసి, ఎండకు ఎత్తి, ఒక కన్ను మూసి చూశాను. ఏమీ గంతులేయలేదు. తాగాను. చల్లగా ఉంది.

గ్లాసు దించేసరికి చివరి మెట్టు నీడలో తెల్ల చుక్కలు ఒక్కొక్కటీ మళ్ళీ పైకి వచ్చి, నోళ్ళు ఆకాశం వైపు పెట్టి నిలబడ్డాయి, రోజూ పొద్దున పలకరించే మనిషి కోసం చూస్తున్నట్టు.